ఏడుపు వినపడని బిడ్డ: తెల్లన్నం, తల్లిపాలు, మన కోస్తా జిల్లాల కథ

ఈ ఎపిసోడ్ కొంచెం బరువుగా ఉంటుంది, ముందే చెప్తున్నా. ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్ళు భయపడకండి, చివరిదాకా చూడండి. ఇది మందు ఉన్న జబ్బు కథే. ఆ మందు ఎక్కడుందో కనిపెట్టడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఐదు నెలల బిడ్డని ఊహించుకోండి. తల్లిపాలు తప్ప ఇంకేం తాగట్లేదు. ఒకరోజు ఏడుస్తోంది. నోరు తెరిచింది, మొహం ఎర్రబడింది, కన్నీళ్ళు కారుతున్నాయి. కానీ సౌండ్ రావట్లేదు. మ్యూట్‌లో పెట్టిన వీడియోలాగా. గొంతు ఆడించే నరం దెబ్బతిని, బిడ్డ ఏడుపు బయటికి వినపడట్లేదు.

ఇదే జబ్బులో ఇంకో రకం ఉంది. అది ఇంకా చిన్న పిల్లలకి, రెండు మూడు నెలల వయసులో వస్తుంది. బిడ్డ బొద్దుగా ఉంటుంది, ఎవరు చూసినా ఆరోగ్యంగా ఉందనే అంటారు. ఉన్నట్టుండి గుక్కపట్టి కేక పెడుతుంది, ఒళ్ళు నీలంగా మారుతుంది, ఊపిరి ఎగపోస్తుంది. గుండె కొట్టుకోలేకపోతుంది. కొన్ని గంటల్లో అయిపోతుంది.

అలాంటి చావుని మన ఊళ్ళలో ఏమనేవాళ్ళు? దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, బాలారిష్టం అన్నారు. కొన్నిచోట్ల ఇంకో మాట కూడా అన్నారు: తల్లి పాలు చెడ్డవి అని. ఈ చివరి మాటలో సగం నిజం ఉంది. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ సగం నిజం గురించే.

నేను ఈ టాపిక్‌లోకి ఎలా వచ్చానో చెప్తా. మా అక్కకి డెలివరీ అయింది. మొదటి రోజు పాలు చిక్కగా, పసుపు రంగులో, చాలా కొంచెం వచ్చాయి. అవే ముర్రుపాలు. ఇంటికి పెద్దదిక్కైన ఒకావిడ చూసి, "ఇవి మంచివి కావమ్మా, పిండి పారేయ్, మూడో రోజునుంచి తెల్లపాలు వస్తాయి, అవి పట్టు" అంది. నర్స్ అక్కడే ఉంది కాబట్టి గొడవపెట్టి ఆపింది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఎందుకంటే గేదె ఈనితే వచ్చే మొదటి పాలని మనం ఏం చేస్తాం? ఇరుగుపొరుగుకి పంచి మరీ బెల్లం, మిరియాలు వేసి జున్ను చేసుకుంటాం. దూడ దగ్గర లాక్కుని మనం తింటాం. మన బిడ్డకి మన ముర్రుపాలు మాత్రం పారబోస్తాం!

సరే, ఇంటికొచ్చాక రెండో గొడవ. పథ్యం. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, మిరియాల చారు, బాలింత కాయం. పప్పు వద్దు, బిడ్డకి వాయువు చేస్తుంది. ఆకుకూర వద్దు, బిడ్డకి విరేచనాలు. అక్క అడిగింది, "ఒరేయ్, నేను తిన్నది పాలలోకి వెళ్తుందా, వెళ్ళదా? వెళ్తే ఇంత తక్కువ పెడితే ఎలా? వెళ్ళకపోతే పప్పు తింటే ఏంటి?" బీటెక్ చదివి నాలుగేళ్ళు కోడ్ రాసిన నా దగ్గర దానికి జవాబు లేదు. వెతకడం మొదలుపెట్టా. అది నన్ను కూనూర్‌కి, మనీలాకి, చివరికి మన నెల్లూరుకి తీసుకొచ్చింది.

ముందు అక్క ప్రశ్నకి జవాబు చెప్పేస్తా, తర్వాత కథ.

తల్లి శరీరం పాలని తయారుచేసేటప్పుడు అన్ని పోషకాలనీ ఒకే రూల్‌తో పంపదు. కొన్నిటికి తల్లే జామీను. కాల్షియం చూడండి. తల్లి తిండిలో తక్కువైతే శరీరం ఆమె ఎముకల్లోంచి తీసి పాలలో కలుపుతుంది, బిడ్డకి లోటు తెలియదు. పాలలో ఉండే ఐరన్ కూడా అంతే, తల్లికి రక్తం తక్కువున్నా పెద్దగా మారదు. ఇంకో గుంపు ఉంది. విటమిన్ బి1, బి2, బి6, బి12, విటమిన్ ఏ, అయోడిన్, ఇలాంటివి. వీటిలో తల్లికి తగ్గితే పాలలోనూ తగ్గుతాయి. తల్లి కంచంలో ఏముందో పాలలో అదే.

ముర్రుపాల విషయమే తీసుకోండి. ఆ పసుపు రంగు మురికి కాదు, బీటా కెరోటిన్. క్యారెట్‌కి, మామిడిపండుకి రంగిచ్చేదే. విటమిన్ ఏ, విటమిన్ ఇ, రోగాన్ని అడ్డుకునే ప్రొటీన్లు మొదటి రోజుల పాలలోనే ఎక్కువ ఉంటాయి, తర్వాత తగ్గుతూ వస్తాయి. పుట్టినప్పుడు బిడ్డ కాలేయంలో విటమిన్ ఏ నిల్వ చాలా తక్కువ, కాబట్టి ఈ కొద్దిపాటి పసుపు పాలే ఫస్ట్ రీఛార్జ్. తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నదో దాని ప్రభావం ఇక్కడ కనిపిస్తుంది. 1983లో కొలంబియా తల్లుల మీద ఒక పరిశోధన వచ్చింది. పోషకాహారం సరిగా లేని తల్లుల ముర్రుపాలలో కొన్ని రక్షక ప్రొటీన్లు బాగా తక్కువగా కనపడ్డాయి. తర్వాత వచ్చే పాలలో, తల్లుల తిండి మెరుగయ్యేకొద్దీ, ఆ తేడా తగ్గిపోయింది. అంటే తిండి తక్కువైతే దెబ్బ ముందు మొదటి పాల మీదే పడుతోంది.

ఇప్పుడు బి1 దగ్గరికి వద్దాం. దీన్నే థయమిన్ అంటారు. ఇది ముర్రుపాలకి రివర్స్‌లో నడుస్తుంది. మొదటి రోజుల పాలలో చాలా తక్కువ ఉంటుంది, తర్వాత వారాల్లో పెరగాలి. పెరగడానికి సరుకు తల్లి తిండిలోంచి రావాలి. మన ఒంట్లో మొత్తం థయమిన్ ఎంతో తెలుసా? సుమారు 25 నుంచి 30 మిల్లీగ్రాములు. ఉప్పు చిటికెడు కంటే తక్కువ. తిండిలో రాకపోతే రెండు మూడు వారాల్లో ఖాళీ. కాల్షియంలాగా ఎముకల్లో దాచిన బ్యాంక్ బ్యాలెన్స్ లేదు. బిడ్డ పుట్టేటప్పుడు కొంచెం నిల్వతో పుడుతుంది. పాలలో రాకపోతే ఆ నిల్వ తరిగి తరిగి, రెండో మూడో నెలకి గుండె మొరాయిస్తుంది. మొదట చెప్పిన ఆ బిడ్డకి జరిగింది ఇదే. జబ్బు పేరు బెరిబెరి. పిల్లల్లో వస్తే శిశు బెరిబెరి.

థయమిన్ పని ఏంటంటే, మనం తిన్న పిండిపదార్థాన్ని శక్తిగా మార్చడంలో అది లేకపోతే యంత్రం తిరగదు. గుండె, నరాలు ముందు దెబ్బతింటాయి. ఇక్కడ ఒక కిరికిరి ఉంది: ఎంత ఎక్కువ అన్నం తింటే అంత ఎక్కువ థయమిన్ కావాలి. వడ్లగింజలో ఆ థయమిన్ ఉండేది పైపొరలో, మొలకలో. తెల్లగా పాలిష్ పట్టినప్పుడు అదంతా తవుడులోకి పోతుంది. మనం తెల్లన్నం తింటాం, గేదె తవుడు తింటుంది.

లెక్కలు కావాలా? మన హైదరాబాద్ ఎన్‌ఐఎన్ వాళ్ళ పట్టికల ప్రకారం వంద గ్రాముల ముడి బియ్యంలో థయమిన్ సుమారు 0.27 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో 0.05. పాలిష్ పట్టిన ఉప్పుడు బియ్యంలో 0.17. ఈ మూడో నంబర్ గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. గంజాం నుంచి కిందికి విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఆ తీరం మొత్తం. బ్రిటిష్ వాళ్ళు దీన్ని ఉత్తర సర్కారులు అనేవాళ్ళు. 1835లో మద్రాసులో మాల్కమ్‌సన్ అనే డాక్టర్ బెరిబెరి మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ఈ జబ్బు సిపాయిల్లో ఎక్కడ కనపడుతోందంటే, మన సర్కారు తీరంలోనే అని రాశాడు. తీరం వదిలి లోపలికి వెళ్తే తగ్గిపోతోందన్నాడు. కారణం ఆయనకి దొరకలేదు. గాలి, నేల, తేమ, అన్నీ అనుమానించారు ఆ రోజుల్లో.

అక్కడినుంచి 1890లకి, జావా దీవికి దూకుదాం. అక్కడ డచ్ డాక్టర్ ఐక్‌మన్ కోళ్ళు పెంచుతున్నాడు, ప్రయోగాల కోసం. మిలిటరీ ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వాటికి పెట్టేవాళ్ళు. కోళ్ళకి కాళ్ళు పడిపోయాయి, బెరిబెరి లాగే. తర్వాత వంటవాడు మారాడు. సైనికుల అన్నం కోళ్ళకి పెట్టడం కుదరదన్నాడు. దాంతో ముడి బియ్యం పెట్టారు. కోళ్ళు లేచి నడిచాయి! ఒక వంటవాడి పేచీ వల్ల దొరికిన క్లూ ఇది. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ వచ్చింది. అయితే ఆయన ముందు అనుకున్నది తెల్లన్నంలో ఏదో విషం ఉందని, తవుడు దానికి విరుగుడని. "ఉన్నది విషం కాదు, లేనిది పోషకం" అన్న మాట 1901లో ఆయన తర్వాత వచ్చిన గ్రైన్స్ తేల్చాడు.

పెద్దవాళ్ళ విషయంలో ఇలా ఉంటే, పిల్లల విషయంలో విషం అన్న మాట ఇంకా గట్టిగా పట్టుకుంది. 1890ల్లోనే జపాన్‌లో హిరోటా అనే డాక్టర్ గమనించాడు: బెరిబెరి ఉన్న తల్లుల పాలు తాగే పిల్లలకి జబ్బు వస్తోంది, పాలు మాన్పిస్తే తగ్గుతోంది. చూసింది కరెక్టే. కానీ దానర్థం ఏమైంది? తల్లిపాలు మాన్పించండి. ఆ రోజుల్లో డబ్బా పాలు ఎవరికి అందుబాటులో ఉండేవి? శుభ్రమైన నీళ్ళు ఎక్కడ? పేదింటి బిడ్డకి తల్లిపాలు ఆపితే విరేచనాలతో పోవడమే. పాలిస్తే బెరిబెరి, ఆపితే ఇంకోటి. తల్లి మాత్రం రెండు రకాలుగానూ దోషి.

మనీలాలో ఇది ఘోరంగా ఉండేది. గత శతాబ్దం మొదట్లో అక్కడ పసిపిల్లల చావులు విపరీతం. అందులో పెద్ద భాగం తల్లిపాలు తాగే పిల్లలవే, అది డాక్టర్లకి అర్థంకాని విషయం. తల్లిపాలు తాగే పిల్లలు బతకాలి కదా? 1912లో ఆండ్రూస్ అనే డాక్టర్ ఒక ప్రయోగం చేశాడు, చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉంది. బెరిబెరితో బిడ్డని పోగొట్టుకున్న తల్లుల చేత కుక్కపిల్లలకి పాలిప్పించాడు. కుక్కపిల్లలకీ జబ్బు వచ్చింది. పాలలోనే సమస్య ఉందని రుజువైంది. ఆ తల్లుల పరిస్థితి ఏంటో ఆ పేపర్లు చెప్పవు. బిడ్డ పోయిన కొన్ని రోజులకి...

అదే సంవత్సరం, అదే మనీలాలో, చాంబర్లెన్, వెడర్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్మీ డాక్టర్లు ఇంకో పని చేశారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగం ఇదే. జబ్బు పడ్డ పిల్లల్ని తల్లి దగ్గరే ఉంచారు. అవే పాలు, ఏ మార్పూ లేదు. పక్కన తవుడు నుంచి తీసిన రసం కొన్ని చుక్కలు మాత్రం పట్టారు. పిల్లలు కోలుకున్నారు. డీబగ్గింగ్ చేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: ఒక్క వేరియబుల్ మాత్రమే మార్చారు. పాలలో విషమే ఉంటే, అవే పాలు తాగుతూ బిడ్డ బాగవకూడదు. బాగైంది అంటే పాలలో ఏదో లేదు, అంతే. ఆ తవుడు రసాన్ని అక్కడ టికిటికి అనేవాళ్ళు. తర్వాతి ఏళ్ళలో ప్రభుత్వమే తయారుచేసి పంచింది.

ఆ వెడర్ మనీలాలో ఒక కుర్ర కెమిస్ట్‌ని పిలిచి, ఈ రసంలో పనిచేసే పదార్థం ఏంటో విడదీసి చూపించు అన్నాడు. 1910 నాటి మాట. ఆ కుర్రాడి పేరు రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్. పుట్టింది ఎక్కడో తెలుసా? నెల్లూరు! 1886లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీల ఇంట్లో. నేను రెండు మూడు చోట్ల చెక్ చేశా, నిజమే. ఆయన తమ్ముడు రోజర్ పుట్టింది ఊటీలో, ఆయన కూడా ఇంకో బి విటమిన్, పాంటోథెనిక్ ఆసిడ్, కనిపెట్టాడు. ఒక ఇంట్లో ఇద్దరు.

విలియమ్స్ తర్వాత అమెరికా వెళ్ళి బెల్ టెలిఫోన్ ల్యాబ్స్‌లో ఉద్యోగం చేశాడు. టెలిఫోన్ల కంపెనీ! మనలో చాలామందికి తెలిసిన బెల్ ల్యాబ్స్ అదే, ట్రాన్సిస్టర్ పుట్టిన చోటు. పగలు ఉద్యోగం, మిగతా టైంలో తవుడు. సైడ్ ప్రాజెక్ట్ అంటే అదీ. టన్నుల కొద్దీ తవుడు తెచ్చి కడిగి, వడగట్టి, చివరికి చేతికొచ్చేది కొన్ని గ్రాములు. మధ్యలో 1926లో జావాలో జాన్సెన్, డొనాత్ అనే ఇద్దరు ముందే స్ఫటికాలు తీసేశారు. ఇంకొకరైతే వదిలేసేవాళ్ళు. ఈయన వదల్లేదు. 1936లో దాని నిర్మాణం తేల్చి, ల్యాబ్‌లో తయారుచేసి చూపించాడు. మనీలాలో మొదలుపెట్టినప్పటినుంచి 26 ఏళ్ళు. ఈరోజు మెడికల్ షాపులో చౌకగా దొరికే బి1 మాత్రకి అదీ వెనక కథ. పేటెంట్ మీద వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం పోషకాహార జబ్బుల మీద పనికే వెళ్ళేలా ఒక నిధి కూడా పెట్టించాడు.

ఇప్పుడు మళ్ళీ మన తీరానికి వద్దాం.

1918లో కూనూర్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో ఒక చిన్న యూనిట్ మొదలైంది. పేరు బెరిబెరి ఎంక్వైరీ. పెట్టింది మెక్‌కారిసన్. అది పెరిగి 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది. 1958లో హైదరాబాద్‌కి మారింది. అదే ఇవాళ తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్. ఓయూకి వెళ్ళేటప్పుడు ఆ బోర్డు చూస్తూ ఎన్నిసార్లు బస్సులో వెళ్ళి ఉంటానో! దేశంలోనే పెద్ద పోషకాహార సంస్థ బెరిబెరి మీద ఎంక్వైరీగా పుట్టిందని అప్పుడు తెలీదు. మెక్‌కారిసన్ మన దేశంలో ఈ జబ్బు ఎక్కడుందో వెతికితే మళ్ళీ అదే సమాధానం: ఉత్తర సర్కారులు.

1935లో అక్కడ డైరెక్టర్‌గా ఎయ్‌క్రాయిడ్ వచ్చాడు. ఆయన, ఆయన టీం అడిగిన ప్రశ్న చాలా సింపుల్. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరూ అన్నమే తింటున్నారు. తమిళ జిల్లాల్లో కూలీలు మనవాళ్ళ కంటే పేదవాళ్ళు. కేరళ వైపూ అంతే. వాళ్ళకి బెరిబెరి లేదు. గోదావరి డెల్టాలో, కాటన్ ఆనకట్ట కట్టాక అన్నానికి కొదవలేని చోట, బెరిబెరి ఉంది. ఏంటి తేడా?

తేడా ఉప్పుడు బియ్యం. వాళ్ళు వడ్లని నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి, అప్పుడు మిల్లు ఆడిస్తారు. అలా ఉడకబెట్టినప్పుడు పైపొరలో ఉన్న థయమిన్ గింజ లోపలికి దిగుతుంది. తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. అందుకే ఆ 0.17. మనవాళ్ళకి ఉప్పుడు బియ్యం వాసన గిట్టదు. పచ్చి వడ్లే ఆడిస్తాం. దంపుడు బియ్యం రోజుల్లో రోకలి పోటుకి కొంత పొర మిగిలేది. మాల్కమ్‌సన్ కాలంలో మిల్లుల్లేకుండానే జబ్బు ఉందంటే, దంచినా తెల్లగా దంచేవాళ్ళని అర్థం. ఇరవయ్యో శతాబ్దంలో డెల్టా అంతా మిల్లులు వచ్చాక ఆ మిగిలేదీ పోయింది. ఆపైన మనం బియ్యం మూడుసార్లు కడుగుతాం, అన్నం వార్చి గంజి పారబోస్తాం. థయమిన్ నీళ్ళలో కరుగుతుంది. మిగిలిన చిల్లర కూడా తూములోకి.

ఈ ఉప్పుడు బియ్యం మాట మీరు వేరే చోట విన్నారు, గుర్తుందా? 2021లో తెలంగాణ వడ్ల కొనుగోలు గొడవ. యాసంగి వడ్లు పచ్చిగా ఆడిస్తే నూకలవుతాయి, అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. మేం ఇంక కొనం అని కేంద్రం అంది. మనం పండిస్తాం, మనం తినం. ఆ రోజుల్లో ఎయ్‌క్రాయిడ్‌కి ఎదురైన నాలుకే ఇంకా ఉంది.

1941లో ఎయ్‌క్రాయిడ్, కృష్ణన్ కలిసి ఒక పేపర్ వేశారు. విషయం బెరిబెరి ప్రాంతంలో శిశు మరణాలు. పసిపిల్లలు ఏ నెలలో పోతున్నారో రికార్డుల్లో చూశారు. మామూలుగా ఎక్కడైనా మొదటి నెలలోనే చావులు ఎక్కువ, తర్వాత తగ్గుతూ రావాలి. సర్కారు ప్రాంతంలో మొదటి నెల దాటాక కూడా, సరిగ్గా శిశు బెరిబెరి వచ్చే వయసులో, లెక్క ఎక్కువగా కనపడింది. మున్సిపాలిటీ గుమాస్తా రాసుకున్న చావుల పట్టీలో, ఎవరూ పేరు పెట్టని జబ్బు అంకెల రూపంలో కనపడిందన్నమాట. ఆ పట్టీలో ప్రతి గీతా ఒక ఇల్లు. ఆ ఇళ్ళలో తల్లిని ఏమని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ పథ్యం గుర్తొస్తుంది నాకు. తెల్లన్నం మీదే బతికే ఇంట్లో థయమిన్ ఇచ్చేవి ఏంటి? పప్పులు, పెసలు, వేరుశనగ, నువ్వులు, కొంతవరకు ఆకుకూరలు, మాంసం. సరిగ్గా బాలింతకి వద్దనేవే ఇవి! మిగతా ఇల్లంతా ఎంతో కొంత పప్పు తింటూ నెట్టుకొస్తుంటే, పాలిచ్చే మనిషికి మాత్రం అన్నం, కారం, నెయ్యి. ఆమెకి కాళ్ళు తిమ్మిర్లు తప్ప ఏం తెలియకపోవచ్చు. ఆమె ఒంట్లో తగ్గింది పాలలో ఇంకా తగ్గి బిడ్డ గుండె మీద పడుతుంది. ఇది నా ఊహ కాదు, లావోస్‌లో ఇప్పటి డాక్టర్లు చూసిందీ ఇదే. అక్కడ కూడా ప్రసవం తర్వాత తిండి కట్టడి, అక్కడ కూడా శిశు బెరిబెరి.

అలా అని పాత అలవాట్లన్నీ తప్పని నేననను. తీరంలో బాలింతకి పాలసొర వండి పెడతారు, పాలు పడతాయని. మునగాకు పెట్టే ఇళ్ళున్నాయి, నువ్వుల ఉండ పెట్టే ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ పిల్లలకి అది ఎంత మేలు చేసి ఉంటుందో! పథ్యం అన్న మాట ఒకటే, కంచం మాత్రం ఇంటింటికీ వేరు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. సి. గోపాలన్. పుట్టింది 1918లో, అంటే కూనూర్‌లో ఆ గది మొదలైన సంవత్సరమే. 1950ల్లో ఆయన కూనూర్ చుట్టుపక్కల పేద తల్లుల మీద పనిచేశాడు. అప్పటికి పాశ్చాత్య పుస్తకాలు చదివినవాళ్ళ అభిప్రాయం ఏంటంటే, ఇంత తక్కువ తినే ఆడవాళ్ళకి పాలు సరిగా రావు. గోపాలన్ కొలిచి చూస్తే రోజుకి 400 నుంచి 600 మిల్లీలీటర్ల దాకా వస్తున్నాయి, నెలలు కాదు, ఏడాది దాటి కూడా. ప్రొటీన్ దాదాపు మామూలుగానే ఉంది. తన ఒంట్లోంచి తీసి ఇస్తోంది ఆ తల్లి. కానీ ఆయన, బెళవాడి అనే శాస్త్రవేత్త కలిసి పాలని విశ్లేషిస్తే విటమిన్లు తక్కువ. తల్లి తిండి మెరుగుపరిస్తే పాలలో ఏం మారుతుందో కూడా కొలిచారు, 1960లో అచ్చయింది. బడోదాలోనూ అదే రోజుల్లో ఇలాంటి పనే జరిగింది, తల్లికి బి విటమిన్లు ఇస్తే పాలలో పెరిగాయి.

మా అక్క ప్రశ్నకి జవాబు నాకు దొరికింది అక్కడే. "పాలు వస్తున్నాయిగా, ఇంకేం" అని ఇంట్లోవాళ్ళు అంటారు చూడండి, ఆ మాటలోనే మోసం ఉంది. పాలు వస్తాయి. ఎంత తక్కువ పెట్టినా చాలావరకు వస్తాయి. చూడ్డానికి తెల్లగా, అచ్చం అలాగే ఉంటాయి. లోపల ఏం లేదో కంటికి కనపడదు.

కోస్తాలో బెరిబెరి తర్వాత మెల్లగా మాయమైంది. మనం ఉప్పుడు బియ్యానికి మారడం వల్ల కాదు, మనం మారలేదుగా. కూరలు, పప్పు కాస్త పెరగడం, ఇంజెక్షన్ చౌకగా దొరకడం, ఇవి కారణాలని నా అంచనా. ఫిలిప్పీన్స్‌లో మాత్రం విలియమ్స్ మళ్ళీ వెళ్ళి, 1948లో బతాన్ రాష్ట్రంలో థయమిన్ కలిపిన బియ్యం పంచి చూపించాడు. బెరిబెరి చావులు బాగా పడిపోయాయి. రేషన్‌లో మనకి పోషకాలు కలిపిన బియ్యం ఇచ్చారు కదా, "ప్లాస్టిక్ బియ్యం" అని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి, ఆ ఐడియాకి తాత ఈ బతాన్ బియ్యం.

జబ్బు పూర్తిగా పోయిందా అంటే, లేదు. గత పదిహేనేళ్ళలో కశ్మీర్‌లో పిల్లల డాక్టర్లు మళ్ళీ చూశారు. రెండు మూడు నెలల పిల్లలు, తల్లిపాలు తాగేవాళ్ళు, గుండె ఆగే పరిస్థితిలో వచ్చారు. ఇన్ఫెక్షన్ అనుకుని వైద్యం చేస్తే తగ్గట్లేదు. థయమిన్ ఇస్తే గంటల్లో తేరుకున్నారు. తల్లుల తిండి ఏంటని అడిగితే, పాలిష్ బియ్యం, బాగా కడిగి, గంజి వార్చి. కర్ణాటక నుంచి కూడా ఇలాంటి రిపోర్టులు వచ్చాయి. కంబోడియాలో అయితే బాలింతలకి రకరకాల మోతాదుల్లో థయమిన్ ఇచ్చి పాలలో ఎంత పెరుగుతుందో కొలిచారు. రోజుకి రెండున్నర మిల్లీగ్రాముల లోపే పాలు నిండిపోతున్నాయని తేలింది. కంటికి కనపడనంత పొడి.

ఒక జాగ్రత్త. ఇది విని ఎవరూ సొంతంగా పసిబిడ్డకి మాత్రలు వేయొద్దు. బిడ్డ గొంతు మారినా, ఎగపోసినా, పాలు తాగడం మానేసినా రాత్రయినా పగలయినా ఆసుపత్రికి వెళ్ళండి, తల్లి ఏం తింటోందో డాక్టర్‌కి చెప్పండి. పాలు మాత్రం సొంతంగా ఆపకండి.

మా ఇంట్లో ఏమైందని అడుగుతారేమో. ఈ కథంతా ఒకరోజు రాత్రి వంటింట్లో అమ్మకీ, ఆ పెద్దావిడకీ చెప్పా. మనీలా కుక్కపిల్లల దగ్గర అమ్మ లేచి వెళ్ళిపోయింది, వినలేకపోయింది. పెద్దావిడ మాత్రం చివరిదాకా విన్నది. విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, తనకి రెండో కాన్పులో పుట్టిన పిల్ల మూడో నెలలో పోయిందని చెప్పింది. "బాగా బొద్దుగా ఉండేదిరా. తెల్లారుజామున ఒక్క కేక పెట్టింది." అప్పట్లో అత్తగారు తన పాలకే వంక పెట్టిందట. యాభై ఏళ్ళయింది. అది బెరిబెరినో కాదో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా.

మర్నాడు అక్క కంచంలో పెసరపప్పు ఉంది. వడ్డించింది ఆవిడే.